మూడు పాయల పుచ్చకాయ

“జన్యువులనే చదవగలుగుతున్నప్పుడు, పంటల పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడానికి పాత వర్ణచిత్రాలతో పనేమిటి?” అని అడిగారు. కొన్నేళ్లు వృక్షశాస్త్రం బోధించి, సరిగ్గా ఈ విషయంలోనే తరగతి అందరి ఎదుట భంగపడ్డవాడిని కనుక, జవాబు చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

ఇటలీ చిత్రకారుడు జొవాన్ని స్టాంకి 1645-1672 మధ్య గీసిన ఒక పండ్ల చిత్రంలో కోసిన పుచ్చకాయ ఉంటుంది. అందులో ఎరుపు నిండుగా పరచుకోదు. లేత గులాబి గుజ్జు సుడులు సుడులుగా విడిపోయి, నడుమ తెలుపు, నల్లటి గింజలు కనిపిస్తాయి. పూర్వం పుచ్చకాయలన్నీ ఇలాగే ఉండేవని, ఇప్పటి నిండైన ఎరుపు మూడు వందల ఏళ్లుగా రైతులు మెచ్చిన కాయల గింజలనే ఏరి నాటిన ఫలితమని ఆ బొమ్మను తెర మీద చూపించి గంభీరంగా చెప్పాను. పోలికకు ఒక కాయను కూడా వెంట తీసుకువెళ్లాను. కత్తి దించి రెండు చెక్కలు చేసేసరికి, నట్టనడుమ మూడు పాయలుగా చీలి, గింజల చుట్టూ పాలిపోయిన గుజ్జుతో, అచ్చం స్టాంకి కాయే నా చేతిలో ఉంది. వెనుక బల్ల నుంచి ఒక విద్యార్థిని, “ఇది ఏ శతాబ్దానిది సార్?” అని అడిగింది.

పరాగసంపర్కం చాలనప్పుడు పుచ్చకాయ లోపల గుల్ల పడుతుంది. కాయలో మూడు ఫలదళాలు, అంటే పువ్వులో కాయగా ఎదిగే భాగాలు, కలిసి ఉంటాయి కనుక చీలిక కూడా మూడు పాయలుగానే వస్తుంది. స్టాంకి గీసింది ఆ కాలపు జాతి లక్షణాన్ని కాక, ఆ రోజు తన బల్ల మీదికి వచ్చిన ఒక గుల్లకాయను కావచ్చు. అదే శతాబ్దపు ఇతర చిత్రాల్లో ఎర్రగా నిండిన పుచ్చకాయలూ ఉన్నాయి. పైగా చిత్రకారుడి కంటికి సాదా కాయ కంటే వింత కాయే ఆనుతుంది; పాతకాలపు కొన్ని ఎర్ర రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి కూడా. ఇంత ఉన్నా, ఆ ఒక్క బొమ్మను “అసలు పుచ్చకాయ ఇదీ” అంటూ నేటికీ పంచుకునేవారిని చూస్తే, నా పాత పాఠాన్నే ఎవరో నాకు అప్పజెబుతున్నట్టు చిరాకు వేస్తుంది.

ఇటువంటి చోట జన్యువుల సాక్ష్యం కావలసిందే. సాగు పుచ్చకు అతి దగ్గరి బంధువు సూడాన్‌లోని కొర్డొఫాన్ పుచ్చ అని 2021లో ప్రచురితమైన పరిశోధన చూపింది. దాని గుజ్జు తెల్లగానే ఉంటుంది కానీ చేదుగా ఉండదు. లిబియాలో దొరికిన సుమారు 6,000 ఏళ్ల నాటి గింజలేమో చేదు గుజ్జు జాతివని వాటి జన్యుక్రమం వల్ల తేలింది. అంటే ఆనాటివారు గుజ్జు కోసం కాక గింజల కోసమే ఆ కాయలను ఏరి ఉంటారు. గింజను ఎంతసేపు చూసినా ఆ చేదు కంటికి కనబడేది కాదు.

అయితే కాయను ఎలా తినేవారో జన్యువు చెప్పదు. 4,000 ఏళ్లకు పైబడిన ఒక ఈజిప్టు సమాధి చిత్రంలో చారల పుచ్చకాయ పళ్లెంలో, ఇతర పండ్ల సరసన కొలువై ఉంది. వండుకునే కాయకు ఆ మర్యాద దక్కదని నా గట్టి నమ్మకం. తేదీల సంగతి కూడా అంతే. కొలంబస్ అమెరికా తీరం చేరింది 1492లో. సుమారు పాతికేళ్లకే, 1515-1518 మధ్య, జొవాన్ని దా ఉదినె రోమ్‌లోని విల్లా ఫార్నెసినాలో వేసిన పండ్ల తోరణాల్లో అమెరికా పంట అయిన మొక్కజొన్న కంకులు ప్రత్యక్షమయ్యాయి. ఈనాటి మొక్కజొన్న జన్యువులను ఎంత తరచి చూసినా, ఆ కంకి రోమ్ చేరిన కాలాన్ని అంత దగ్గరగా చెప్పలేవు.

కాబట్టి చిత్రాలను వదలకండి, కానీ ఒక్కదాన్ని నమ్మకండి. ఒకే కాలానికి, ఒకే ప్రాంతానికి చెందినవి పదుల సంఖ్యలో పక్కపక్కన పెట్టుకోండి. అలా వెదకడానికి కూర్చున్నప్పుడే అసలు ఇబ్బంది మొదలవుతుంది. చిత్రకారుడి పుట్టిన ఊరు, పోషకుడి వంశం దాకా రాసే చిత్రాల పట్టికల్లో, బల్ల మీద ఉన్నవాటికి మాత్రం “పండ్లు, కూరగాయలు” అనే రెండు మాటలే దక్కుతాయి. ఒక్క పుచ్చ చెక్క కోసం నేను తిరగేసిన బొమ్మల్లో సగం గుమ్మడికాయలే.