దడ గుండెదా, వాచీదా?

ప్రింటర్ మొరాయిస్తోందని, ల్యాప్‌టాప్ నత్తలా నడుస్తోందని రాసేవాళ్లు ఈమధ్య తగ్గిపోయారు. నాకొచ్చే మెయిళ్లలో ఇప్పుడు ఎక్కువ భాగం ఒకే పాట. వాచీ ఏదో చూపించింది, రిపోర్టులో ఏదో ఎర్రగా వచ్చింది, నెట్‌లో ఏదో చదివాను, నాకేమైనా అవుతుందా? నేను డాక్టర్ని కాదు. జబ్బు ఉందో లేదో చెప్పలేను. కానీ ఈ భయాల్లో కొంత భాగం ఫోన్ సెట్టింగుల్లోంచే పుడుతోంది. ఆ భాగం గురించైతే నేను మాట్లాడొచ్చు. వాటిలో నాలుగు మెయిళ్లు, వాటికి నా జవాబులు ఇవి.

నా వయసు 34, ఐటీ ఉద్యోగం. ఆర్నెల్ల క్రితం స్మార్ట్‌వాచీ కొన్నాను. ఒకరోజు మీటింగ్‌లో కదలకుండా కూర్చుని ఉంటే పల్స్ 124 అని అలర్ట్ వచ్చింది. ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ టెస్టు) చేయించాను. అన్నీ నార్మల్. అయినా రోజుకు నలభై యాభై సార్లు చూసుకుంటున్నాను. ఇంకా కచ్చితంగా కొలిచే వాచీ ఏదైనా చెప్పండి. (కూకట్‌పల్లి)

చెప్పను. ఉన్నదే మీకు ఎక్కువైంది.

ఆస్పత్రిలో ఈసీజీ తీసేటప్పుడు ఒంటికి పది ఎలక్ట్రోడ్లు అంటించి గుండెను 12 కోణాల్లో చూస్తారు. దాన్ని మీరు నమ్మలేదు. మణికట్టు మీద ఒక ఆకుపచ్చ దీపం వెలిగించి, చర్మం కింద రక్తం కదలికను బట్టి లెక్కగట్టే వాచీని మాత్రం రోజుకు యాభై సార్లు అడుగుతున్నారు. పట్టీ వదులైతే ఆ లెక్క తప్పుతుంది. చెయ్యి ఊగితే తప్పుతుంది. నడిచేటప్పుడు అడుగుల లయనే గుండె లయ అనుకోవడం కూడా దానికి అలవాటే. మన రోడ్ల మీద బండి నడుపుతూ పల్స్ చూసుకునేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఆరోజు మీటింగ్‌లో వాచీ నిజమే చెప్పి ఉండొచ్చు. మేనేజర్ ఎదురుగా కూర్చున్నప్పుడు పల్స్ 124 కావడం పెద్ద వింత కాదు. తర్వాత జరిగేదే అసలు సమస్య. అంకె చూశారు, భయం వేసింది, భయానికి గుండె ఇంకాస్త వేగం అందుకుంది, మళ్లీ చూశారు, అంకె పెరిగింది. ఆ రెండో అంకె మీరు చూసినందుకు వచ్చింది. ఇక్కడ కొలతే కొలిచేదాన్ని మార్చేస్తోంది. దీనికి ఇంకా కచ్చితమైన వాచీ తెస్తే, భయం కూడా అంతే కచ్చితంగా కనిపిస్తుంది.

వాచీలు దండగ అనడం లేదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు వాచీ పెట్టుకున్న 4 లక్షల 19 వేల మందిని గమనించి 2019లో ఫలితాలు ప్రచురించారు. గుండె లయ తప్పుతోందని అలర్ట్ వచ్చింది 0.52 శాతం మందికే. అలర్ట్ వచ్చాక ఛాతీకి ఈసీజీ తీసే ప్యాచ్ పెట్టుకుని తిరిగి పంపినవాళ్లలో, ఆ ప్యాచ్‌లో కూడా లయ తేడా కనబడింది 34 శాతం మందికి. ఆ తేడా వచ్చిపోతూ ఉండేది కాబట్టి మిగతావన్నీ ఉత్తుత్తి అలర్టులని కాదు. అలర్ట్ వస్తే డాక్టర్‌కి చూపించాలి, అంతవరకే దాని పని. మీకు వచ్చింది ఆ అలర్ట్ కూడా కాదు, వేగం పెరిగిందన్న అలర్ట్. పైగా మీరు డాక్టర్‌కి చూపించేశారు. పని అయిపోయింది.

కాబట్టి ఇలా చేయండి. డాక్టర్ ప్రత్యేకంగా ఉంచమని చెప్పి ఉంటే తప్ప, హై హార్ట్ రేట్ నోటిఫికేషన్ ఆపేయండి. వాచీ ముఖం మీదినుంచి పల్స్ తీసేసి ఆ చోట తేదీ పెట్టండి. స్ట్రెస్ స్కోర్ కూడా ఆపేయండి. గుండె కొట్టుకోవడంలోని చిన్న తేడాలను బట్టి ఊహించే అంకె అది. దాన్ని చూపించి 'మీరు ఒత్తిడిలో ఉన్నారు' అని మణికట్టు మీద జర్రుమని వణికించడం ఏ మహానుభావుడికి తట్టిన ఆలోచనో నాకిప్పటికీ అర్థం కాదు. పడుకున్నవాణ్ణి తట్టిలేపి 'నిద్రపోతున్నావా' అని అడిగినట్టుంది. రాత్రి వాచీ హాల్లో ఛార్జింగ్‌లో ఉండాలి, చేతికి కాదు.

ఇక పల్స్. పొద్దున ఒక్కసారి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక చూడండి. పెద్దవాళ్లలో విశ్రాంతిగా ఉన్నప్పుడు 60 నుంచి 100 మధ్య మామూలే. మధ్యలో చూడాలనిపిస్తే పది నిమిషాలు వాయిదా వేయండి. అలా అనిపించిన టైమ్, అప్పుడు ఏం చేస్తున్నారో ఒక చిన్న నోట్‌బుక్‌లో రాయండి. పల్స్ రాయొద్దు. మొదటి నాలుగు రోజులు నరకంగా ఉంటుంది. ఆ తహతహ దానంతటదే పెరిగి దానంతటదే తగ్గుతుందని ఒంటికి తెలియడానికి అంత టైమ్ పడుతుంది. వారం తర్వాత నోట్‌బుక్ తిరగేస్తే అది గుండె చరిత్రలా ఉండదు, మీ ఆఫీసు మీటింగుల టైమ్‌టేబుల్‌లా ఉంటుందని నా అనుమానం.

దీనికి అవతలి వైపు కూడా ఉంది. ఛాతీలో బరువు, చెమటలు, ఊపిరి అందకపోవడం, నొప్పి చేతికో దవడకో పాకడం ఉంటే వాచీ వైపు చూడొద్దు, 108కి ఫోన్ చేయండి. గుండెపోటును ఈ వాచీలు పట్టలేవు. ఆ మాట ఈసీజీ యాప్‌లోనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. పల్స్ నార్మల్ చూపించిందని ఇంట్లో కూర్చోవడం, 124 చూపించిందని ఎమర్జెన్సీకి పరిగెత్తడం కన్నా ప్రమాదం.

మా వారికి తలనొప్పి వస్తే చాలు, రాత్రి పన్నెండు దాకా నెట్‌లో వెతుకుతారు. వెతకడం మొదలుపెట్టేది చాయ్ తాగలేదని, ఆపేది బ్రెయిన్ ట్యూమర్ దగ్గర. ఫోన్ తెరిస్తే ఇప్పుడన్నీ అవే వీడియోలు. ఈమధ్య చాట్‌బాట్‌ని అడుగుతున్నారు. 'ఏం కాదండీ' అని చెప్పీ చెప్పీ నాకు విసుగొస్తోంది. (దిల్‌సుఖ్‌నగర్)

మీవారు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు మేడమ్. మామూలు లక్షణంతో మొదలైన వెతుకులాట పెద్ద జబ్బుల దాకా ఎలా ఎగబాకుతుందో రయన్ వైట్, ఎరిక్ హార్విట్జ్ అనే ఇద్దరు మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2008లోనే రాశారు. దీనికి సైబర్‌కాండ్రియా అన్న పేరు కూడా ఉంది. అరుదైన జబ్బుల గురించి పేజీలు కోకొల్లలు. చాయ్ మానేస్తే వచ్చే తలనొప్పి గురించి రాయడానికి ఎవరికి ఓపిక?

వీడియోల సంగతి తేలికే. వీడియో యాప్‌లో చూసినవాటి హిస్టరీ చెరిపేసి, కొన్నాళ్లు హిస్టరీని పాజ్‌లో పెట్టండి. మళ్లీ ఏదైనా వస్తే 'నాట్ ఇంట్రెస్టెడ్' నొక్కండి, చివరిదాకా చూసి తిట్టుకోవద్దు. చివరిదాకా చూశారంటే నచ్చిందనే యాప్ లెక్క. ఆండ్రాయిడ్ ఫోన్ ప్రైవసీ సెట్టింగుల్లో యాడ్స్ కింద అడ్వర్టైజింగ్ ఐడీని డిలీట్ చేసే వీలుంది, అది కూడా చేయండి.

చాట్‌బాట్ గురించి నాకు వేరే బెంగ ఉంది. అది తప్పు చెబుతుందన్నది ఒకటి. అంతకన్నా, దానికి విసుగు రాకపోవడం అసలు చిక్కు. అదే తలనొప్పి గురించి పదకొండోసారి అడిగితే మీకు విసుగొస్తుంది, 'ఇంక చాలు, పడుకోండి' అంటారు. చాట్‌బాట్ పదకొండోసారీ ఓపిగ్గా ఏడు కారణాలు చెబుతుంది, ఏడోది ఘోరంగా ఉంటుంది.

మీ 'ఏం కాదండీ' కూడా దాదాపు అదే పని చేస్తోంది, ఏమీ అనుకోకండి. అది అరగంట ఊరటనిచ్చి మళ్లీ అడిగిస్తుంది. ఒకసారి చెప్పండి. రెండోసారి అడిగితే 'రేపు సాయంత్రం ఆరింటికి పావుగంట దీని గురించే మాట్లాడుకుందాం' అనండి. ఆరింటికి నిజంగానే కూర్చోండి. చాలాసార్లు ఆ టైమ్‌కి ఆయనకు చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఒకసారి డాక్టర్‌కి చూపించాక కూడా నెలల తరబడి ఇలాగే ఉండి నిద్ర, ఉద్యోగం దెబ్బతింటుంటే, అది తలనొప్పి కాదు, ఆరోగ్యం గురించిన ఆందోళన. కౌన్సెలింగ్‌తో బాగా తగ్గుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. దీనికి యాప్ కూడా అక్కర్లేదు.

సూది లేకుండా షుగర్ చూపించే వాచీ పదిహేను వందలకే వస్తోంది, అమ్మకి కొనొచ్చా? (అమీర్‌పేట్ హాస్టల్ నుంచి)

కొనొద్దు. చర్మం గుచ్చకుండా తనంతట తానే షుగర్ కొలిచే వాచీని గానీ ఉంగరాన్ని గానీ తాము దేన్నీ ఆమోదించలేదని మందులు, వైద్య పరికరాలను ఆమోదించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ డోసు మార్చారంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ డబ్బుతో గ్లూకోమీటర్, స్ట్రిప్పులు కొనండి.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. మా అబ్బాయి 72 టెస్టుల ప్యాకేజీ చేయించాడు. రిపోర్టులో నాలుగు ఎర్రగా వచ్చాయి. ఆ రాత్రి నిద్ర లేదు. మర్నాడు వాట్సాప్‌లో 'మీ రిపోర్టులో తీవ్రమైన తేడా ఉంది, పూర్తి రిపోర్టు కోసం ఈ ఫైల్ ఇన్‌స్టాల్ చేసుకోండి' అని వచ్చింది. చేశాను. యాక్సెసిబిలిటీ అని ఏదో అడిగితే ఓకే అన్నాను. రిపోర్టు రాలేదు, ఫోన్ వేడెక్కుతోంది. ఏం చేయాలి? (మల్కాజ్‌గిరి)

మీ మెయిల్ చూసిన వెంటనే జవాబు రాశాను. మిగతావాళ్ల కోసం మళ్లీ చెబుతున్నాను. ముందు ఫ్లైట్ మోడ్ పెట్టండి, వైఫై కూడా ఆగిందో లేదో చూసుకోండి. ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డులు ఆపించండి. డబ్బు పోయినట్టు తెలిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు అవతలివాడి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. పాస్‌వర్డులు వేరే ఫోన్‌లోనే మార్చండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసి తెలియనివి తీసేయండి. ఆ తర్వాత మీ ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఆ ఒక్క యాప్ తీసేస్తే చాలదా అని అడగొద్దు.

ఎందుకు చాలదంటే, యాక్సెసిబిలిటీ అనేది చూపు సరిగా లేనివాళ్ల కోసం పెట్టిన సౌకర్యం. దాన్ని ఇచ్చామంటే ఆ యాప్ తెర మీద ఉన్నదంతా చదవగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు. మెసేజ్‌ల పర్మిషన్ కూడా దొరికితే ఓటీపీ మీకన్నా ముందు దానికే తెలుస్తుంది. అన్‌ఇన్‌స్టాల్ నొక్కబోతే వెనక్కి నెట్టేసేవి కూడా ఉన్నాయి.

రిపోర్టు అంటే పీడీఎఫ్. దాన్ని చదవడానికి ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఫైల్ పేరు చివర ఏపీకే అని ఉంటే, ముందు ఏ ఆస్పత్రి పేరున్నా సరే, అది ఫోన్‌లోకి ఎక్కే యాప్, రిపోర్టు కాదు. ఈ సంగతి మీకు తెలియదని నేననుకోను. ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసినవారు. కరెంటు బిల్లు కట్టలేదని వచ్చే దొంగ మెసేజ్‌కి నవ్వుకుని ఉంటారు. కానీ ఆ రాత్రి నిద్రపోలేదు, నాలుగు ఎర్ర అంకెలు కళ్లముందు ఆడుతున్నాయి. అలాంటప్పుడు 'తీవ్రమైన తేడా' అన్న మాట కనబడితే వేలు ఆగదు. యాంటీవైరస్ కాపాడలేని చోటు అదే. అందుకే ఒంటి గురించి భయపెట్టే మెసేజ్ ఏది వచ్చినా మా ఇంట్లో ఒకటే పద్ధతి: దాన్ని తెరవకుండా, కాగితం బిల్లు మీదున్న ల్యాబ్ నంబరుకి మనమే ఫోన్ చేయాలి.

మీరు టెస్టులు చేయించారని వాళ్లకెలా తెలిసిందని కూడా అడిగారు. తెలిసి ఉండకపోవచ్చు. ఇంత పెద్ద ఊళ్లో వెయ్యి మందికి ఆ మెసేజ్ పంపితే ఎవరో ఒకరు రిపోర్టు కోసం చూస్తూనే ఉంటారు. తెలిసినా నేను ఆశ్చర్యపోను. ఒకసారి మా నాన్న రిపోర్టు లింక్ వచ్చింది. పాస్‌వర్డ్ లేదు, చివర ఒక సీరియల్ నంబరుంది. అనుమానమొచ్చి ఒక అంకె మారిస్తే ఎవరో అమ్మాయి థైరాయిడ్ రిపోర్టు తెరుచుకుంది. వెంటనే మూసేసి ల్యాబ్‌కి ఫోన్ చేశాను. "అట్ల ఎవరూ మార్చరు సార్" అన్నారు. ఆ తర్వాత అదే ల్యాబ్ యాప్ రాత్రి పదకొండింటికి 'మీ ఆరోగ్యం గురించి ముఖ్యమైన విషయం' అని మోగింది. గుండె గుభేల్మంది. తెరిస్తే విటమిన్ డీ టెస్టు మీద నలభై శాతం తగ్గింపు. దొంగ మెసేజ్ పంపేవాడికి ఈ భాష నేర్పింది ఎవరంటారు?

ఆ ఎర్ర రంగు ఎంచుకున్నవాళ్లను కూడా నాలుగు మాటలు అనాలి. నార్మల్ రేంజ్ అంటే సాధారణంగా ఆరోగ్యంగా ఉన్న వందమందిలో 95 మందికి వచ్చే విలువల హద్దు. అంటే ఏ టెస్టు తీసుకున్నా, ఏ జబ్బూ లేకపోయినా వందలో ఐదుగురికి ఎర్రగానే వస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు చేస్తే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒక్కటి గీత దాటే అవకాశం 64 శాతం. 72 చేయించి నాలుగే ఎర్రగా వస్తే లెక్క ప్రకారం అది మామూలు. అలాగని పట్టించుకోవద్దని కాదు. ఎంత దాటింది, ఏది దాటింది అన్నది డాక్టర్ చూడాలి. వెంట్రుకవాసి దాటినదానికీ రెట్టింపైనదానికీ అదే ఎరుపు, అదే లావు అక్షరం పెట్టి, వివరించే మనిషి లేకుండా అర్ధరాత్రి ఫోన్‌కి పంపడం పద్ధతేనా? వచ్చే ప్యాకేజీలో 90 టెస్టులు ఉంటాయట. ఎర్ర ఇంకు ఎక్కువ కావాలి.

ఇది ముగిస్తుండగా మల్కాజ్‌గిరి ఆయన దగ్గర్నుంచి మళ్లీ మెయిల్ వచ్చింది. బ్యాంకులో డబ్బు భద్రంగానే ఉందట. ఫోన్ రీసెట్ చేయడంలో మనవడి ఫొటోలు కొన్ని పోయాయట. రిపోర్టు ప్రింట్ తీయించుకుని దగ్గర్లోని బస్తీ దవాఖానకు వెళ్తే, డాక్టరమ్మ రెండు నిమిషాలు చూసి మూడింటికి అక్కడే కొట్టివేత గీసి, నాలుగోది మూడు నెలలయ్యాక మళ్లీ చేయించమన్నారట. ఆ ఒక్కటి మాత్రం విడిగా చేయించుకోవచ్చా, ప్యాకేజీయే తీసుకోవాలా అని అడుగుతున్నారు. విడిగానే చేయించుకోండి సార్.