వేసవి నీళ్ల ట్యాంకర్లకు రూట్ ఆప్టిమైజేషన్ పనికొస్తుందా? కనిగిరి వైపు ఊళ్ల కోసం ఒక జవాబు

మీరు అడిగింది ఇదీ: బెంగళూరులో డెలివరీ కంపెనీలో రూట్ ప్లానింగ్ చేస్తారు. సొంతూరు కనిగిరి దగ్గర. ఏటా ఎండాకాలం మండలంలో ట్యాంకర్లతో నీళ్లు తోలుతున్నా చివరి పల్లెలకు చాలడం లేదు. మీకు తెలిసిన ఆప్టిమైజేషన్‌తో, అంటే ఉన్న బండ్లతో, ఉన్న టైములో ఎక్కువ పని అయ్యేలా లెక్కగట్టడంతో, ఏమైనా చేయొచ్చా, చేస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

చేయొచ్చు. చాలా చేయొచ్చు. అయితే మీకు అలవాటైన లెక్క ఇక్కడ అంతగా అక్కరకు రాదు. మీ డెలివరీ బండి ఒకసారి బయల్దేరి అరవై ఇళ్లు తిరుగుతుంది కాబట్టి ఏ ఇంటి తర్వాత ఏ ఇల్లన్నదే మీ తలనొప్పి. నీళ్ల ట్యాంకరు ఒకచోట నిండుతుంది, ఒక ఊళ్లో ఖాళీ అవుతుంది, వెనక్కొస్తుంది. వరస కుదర్చడానికి మధ్యలో ఏముంది? ఇక్కడ తేల్చాల్సింది ఏ ఫిల్లింగ్ పాయింటు ఏ ఊరికి, ఏ బండి ఏ టైముకు, బండి ఎక్కడ ఎంతసేపు ఊరికే నిలబడుతోంది అన్నవే. ముందు ఆ చివరిది పట్టుకోండి.

ఒక ట్రిప్పు లెక్క వేద్దాం. ట్రాక్టరు ట్యాంకరు 5,000 లీటర్లది, ఊరు 12 కిలోమీటర్ల దూరం అనుకోండి. మోటారు నిమిషానికి 200 లీటర్లు పోస్తే నిండడానికి 25 నిమిషాలు. నిండు బండి గంటకు 15 కిలోమీటర్లు పోతే ఊరు చేరడానికి 48 నిమిషాలు. ఖాళీ బండి గంటకు 20 చొప్పున వెనక్కి రావడానికి 36. ఊళ్లో జనం బిందెలతో నేరుగా పట్టుకుంటే గంట. పాయింటు దగ్గర ముందున్న బండ్ల కోసం ఇంకో 40 నిమిషాలు. మొత్తం 209 నిమిషాలు. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా 720 నిమిషాలు, అంటే మూడు ట్రిప్పులు.

ఇప్పుడు అడ్డదారి వెతికి, పోనూ రానూ చెరో కిలోమీటరు తగ్గించారనుకోండి. మిగిలేది ఏడు నిమిషాలు. అప్పుడూ మూడు ట్రిప్పులే. డీజిలు కొంచెం కలిసొస్తుంది, నీళ్లు మాత్రం ఒక్క బిందె పెరగవు. అదే క్యూ లేకుండా చేసి, ఊళ్లో బిందెలకు బదులు తొట్టిలోకి 20 నిమిషాల్లో వదిలేట్టు చేస్తే ట్రిప్పు 129 నిమిషాలకు దిగుతుంది. అదే ట్రాక్టరు, అదే డ్రైవరు, అదే రోడ్డు, ఐదు ట్రిప్పులు. మ్యాపు తెరవకముందే దొరికే 10,000 లీటర్లు ఇవి.

క్యూ ఎందుకు వస్తుందో పాయింటు దగ్గర ఒక పూట నిలబడితే తెలుస్తుంది. అన్ని బండ్లూ పొద్దున ఆరింటికే వస్తాయి. నింపడం 25 నిమిషాలు, పైపు తగిలించి తీసేందుకు ఐదు, అంటే బండికి అరగంట. ఐదు బండ్లు ఒకేసారి వస్తే ఐదోది రెండు గంటలు ఆగాలి. ఆరు, ఆరున్నర, ఏడు అంటూ బండికో టైము ఇస్తే ఈ ఆగడం చాలావరకు పోతుంది, దీనికి రూపాయి ఖర్చు లేదు. దూరపు ఊళ్ల బండ్లకు ముందు టైములివ్వండి. లేకపోతే సాయంత్రం వాటి చివరి ట్రిప్పు ఎగిరిపోతుంది.

రెండో ఉపాయానికి కొంచెం డబ్బు కావాలి. పాయింటు దగ్గర మూడు నాలుగు మీటర్ల ఎత్తున 10,000 లీటర్ల ట్యాంకు పెట్టి నాలుగు అంగుళాల పైపు దింపితే బండి ఏడెనిమిది నిమిషాల్లో నిండుతుంది. బోరు మాత్రం తన పాటికి తాను పోస్తూనే ఉంటుంది. వ్యవసాయ ఫీడరు మీదున్న బోరుకు పగలు 9 గంటలే కరెంటు కాబట్టి బండి లేని టైములో కూడా మోటారు ఆడుతుండడం ముఖ్యం. అయితే బోరులో ఉన్నన్ని నీళ్లే వస్తాయి. పైన ట్యాంకు పెట్టినంత మాత్రాన ఊట పెరగదు. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి, మోటారు వేసిన వెంటనే కాదు, రెండు గంటలు ఆడాక. ఏప్రిల్‌లో కొలిచిన లెక్కతో మే నెల గడవదు, పది రోజులకోసారి మళ్లీ కొలవాలి. నీటిమట్టం దిగాక కూడా అలాగే లాగితే మోటారు గాలి పీల్చి కాలిపోతుంది. అది తీసి, బాగు చేయించి, మళ్లీ దింపే దాకా ఆ పాయింటు మీద ఆధారపడ్డ ఊళ్లన్నీ ఎండుతాయి. డ్రై రన్ రక్షణ ఉన్న, అంటే నీళ్లు అందనప్పుడు మోటారును దానంతటదే ఆపేసే స్టార్టరు పెట్టమని గట్టిగా అడగండి.

ఇక ఊళ్లో దించడం. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఎవరో దాత 1,000 లీటర్ల సింటెక్స్ ట్యాంకులు ఇస్తారు, వాటిని ఇటుక దిమ్మె మీద పెడతారు. ట్యాంకరు వాల్వు నేల నుంచి దాదాపు మీటరు ఎత్తులో ఉంటుంది. సింటెక్స్ ట్యాంకు ఎత్తే అంతకు మించి ఉంటుంది, దిమ్మె దానికి అదనం. నీళ్లు ఎక్కవు. చివరికి డ్రైవరు వీధిలో బండి ఆపి వాల్వు తిప్పుతాడు, మళ్లీ బిందెలే, మళ్లీ తోపులాటే. దీనికి దారులున్నాయి. నేలలో మూతున్న సంపు కట్టి దాని మీద చేతిపంపో కుళాయి మోటారో పెట్టొచ్చు. బండి ఎక్కేలా మీటరున్నర మట్టి ర్యాంపు పోసి పక్కన కింద ట్యాంకు పెట్టొచ్చు. అదీ కాకపోతే బండితోపాటు రెండంగుళాల పెట్రోలు పంపు తిప్పొచ్చు, 5,000 లీటర్లు పావుగంటలో ఎక్కిస్తుంది. నా ఓటు సంపుకే. పంపు పాడవుతుంది, పెట్రోలు ఎవరు పోయాలన్న తగాదా వస్తుంది. సంపు తర్వాత పైపులైను వచ్చినా పనికొస్తుంది.

తొట్టి ఉంటే ఇంకో మేలుంది. ఎండాకాలం ఉపాధి పనులకు తెల్లారకముందే బయల్దేరతారు. ఎనిమిదింటికి ట్యాంకరు వస్తే ఇంట్లో ఎవరుంటారు? ముసలివాళ్లు, పిల్లలు. తొట్టిలో పోస్తే ఎవరి తీరికలో వాళ్లు పట్టుకుంటారు, ఆడవాళ్లకు ఒక పూట కూలి పోదు.

ఇప్పుడు కనిగిరి వైపుకు ప్రత్యేకమైన సంగతి: బోరు నీళ్లలో ఎక్కువగా ఉండే ఫ్లోరైడు. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చని, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని భారత ప్రమాణం. కాచినా, బ్లీచింగు వేసినా ఫ్లోరైడు పోదు. కాచితే నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. అందుకని దగ్గర బోరు ఉన్నా దూరం నుంచి మంచినీళ్లు తేవాల్సి వస్తుంది. కానీ అన్ని నీళ్లూ దూరం నుంచే తేవాలా?

ఊళ్లో 900 మంది. మనిషికి రోజుకు 20 లీటర్లు అంటే 18,000, నాలుగు ట్రిప్పులు. విపత్తుల్లో పనిచేసేవాళ్లు పాటించే స్పియర్ ప్రమాణం ప్రకారం కనీసం 15, కాబట్టి 20 అన్నది విలాసం ఏమీ కాదు. ఇందులో తాగడానికీ వంటకీ ఐదు లీటర్లు లెక్కేస్తే 4,500, అంటే ఒక్క ట్యాంకరు. ఆ ఒక్కటీ శుద్ధి చేసిన సాగర్ నీళ్లో, పరీక్షలో నెగ్గిన బోరు నీళ్లో దూరం నుంచి రావాలి. మిగతా 13,500 వాడకం నీళ్లు, పక్క బోరు నుంచి మూడు ట్రిప్పులు. నాలుగు దూరపు ట్రిప్పులకు బదులు ఒకటే. ఏ సాఫ్ట్‌వేరూ ఇంత ఆదా చూపించదు. షరతు ఏమిటంటే రెండు రకాల ట్యాంకర్లూ, రెండు రకాల తొట్లూ వేరుగా ఉండాలి, రంగు వేరుగా వేయాలి, అక్షరాలు రాని అవ్వ కూడా పోల్చుకునేట్టు. ఒక్కరోజు బండి కలిసిపోయినా జనానికి నమ్మకం పోతుంది, ఆ తర్వాత ఎన్ని చెప్పినా వినరు.

తాగేనీళ్ల బండిలో నీళ్లు నింపడం మొదలైనప్పుడే బ్లీచింగు వేయాలి. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ చొప్పున 5,000 లీటర్లకు 10 గ్రాములు. పొడిలో క్లోరిన్ 25 శాతం ఉంటే 40 గ్రాముల పొడి. బకెట్టులో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైతేట పోయండి. పని చేయడానికి కావాల్సిన అరగంట దారిలోనే గడిచిపోతుంది. ఊళ్లో దించేటప్పుడు, నీళ్లలో మిగిలిన క్లోరిన్ కొలిచే క్లోరోస్కోపుతో చూస్తే లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. మూతి తెరిచి పెట్టిన బస్తాలో పొడి బలం త్వరగా తగ్గుతుంది, ఎప్పుడూ 40 గ్రాములే అని కూర్చోకండి.

ఇవన్నీ అయ్యాక మీ లెక్క. ఏ పాయింటు నుంచి ఏ ఊరికి ఎన్ని ట్రిప్పులు అన్నది 1941లో అమెరికా గణిత శాస్త్రవేత్త ఫ్రాంక్ హిచ్‌కాక్ రాసిన రవాణా సమస్యే. రేషన్ సరుకుల్లో ఏ గోదాము నుంచి ఏ దుకాణానికి అనే ఇలాంటి లెక్క కోసమే కేంద్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో ‘అన్న చక్ర’ తెచ్చింది, ప్రపంచ ఆహార కార్యక్రమం, ఐఐటీ ఢిల్లీ అందులో పనిచేశాయి. మండలం స్థాయిలో అంత యంత్రాంగం అక్కర్లేదు. అడ్డంగా పాయింట్లు, నిలువుగా ఊళ్లు, గడిలో ట్రిప్పుకు పట్టే నిమిషాలు. ఎక్సెల్‌లో ఇలాంటి లెక్క తేల్చిపెట్టే సాల్వరు 200 గడుల దాకా తీసుకుంటుంది, పది పాయింట్లు, ఇరవై ఆవాసాలు సరిగ్గా సరిపోతాయి. అంతకు మించితే ఎక్సెల్ లాంటిదే లిబ్రె ఆఫీసు ఉంది, ఉచితం. నిమిషాలు మాత్రం గూగుల్ మ్యాపు నుంచి తీసుకోకండి, అది కార్ల వేగం చెబుతుంది, ట్రాక్టరు ఇసుక వాగు దాటగలదో లేదో చెప్పదు. డ్రైవర్లను అడగండి.

ఇక్కడ ఒక్కమాట, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మొత్తం నిమిషాలు తగ్గించమని సాల్వరుకు చెబితే, నీళ్లు చాలనప్పుడు అది దూరపు ఊరినే ఎండబెడుతుంది. 52 ట్రిప్పులు కావాలి, 40 ఉన్నాయి అంటే తగ్గిన 12 ట్రిప్పులూ చివరి పల్లెల నుంచే కోస్తుంది. రోడ్డు చివర ఉండేది ఎవరో మనకు తెలుసు: ఎస్సీ కాలనీ, తండా, ఎర్రగొండపాలెం వైపైతే చెంచు గూడెం. లెక్క ప్రకారం అది సరైన జవాబే, కానీ మనం అడిగిన ప్రశ్నే తప్పు. ముందు ప్రతి ఆవాసానికీ మనిషికి 15 లీటర్లు అని షరతు రాయండి. దానికీ నీళ్లు చాలకపోతే కోత అందరికీ ఒకే శాతం పడేట్టు రాయండి. ఆ తర్వాత మిగిలిందాంట్లో నిమిషాలు తగ్గించుకోండి. ఊరిని ఒక్క పేరుతో రాయకుండా ఆవాసాలుగా విడగొట్టి రాయండి, లేకపోతే ఊరికి వచ్చిన నాలుగు ట్రిప్పులూ పెద్ద వీధిలోనే ఆగుతాయి.

చిన్న పల్లెలు రెంటికి ఒక బండి పంచాలనిపిస్తుంది. లోపల అడ్డరేకులు లేని ట్యాంకరు సగం నీళ్లతో మలుపు తిరిగితే నీళ్లు ఒక పక్కకు కొట్టి బండి తిరగబడొచ్చు. అడ్డరేకులు ఉన్నాయని మూత తెరిచి చూశాకే పంచండి.

బిల్లు ఎలా ఇస్తున్నారో కూడా చూడండి. కిలోమీటర్ల లెక్కన డబ్బు వస్తే దగ్గర పాయింటు ఎవరికీ నచ్చదు, ట్రిప్పు లెక్కన వస్తే దూరపు ఊరు నచ్చదు. ట్రిప్పుకు ఇంత, దూరానికి ఇంత అని రెండూ కలిపి ఉంటేనే ప్లాను నిలబడుతుంది. జీపీఎస్ బండి ఎక్కడికి పోయిందో చెబుతుంది, నిండుగా పోయిందో లేదో చెప్పదు. దించేముందు పొదుపు సంఘం సభ్యులిద్దరు మూత తీసి మట్టం చూసి సంతకం పెట్టే పద్ధతి దానికన్నా గట్టిది. ఆరు బండ్లకు ఒకటి అదనంగా ఉంచుకోండి. మేలో టైరు పేలడం, వాల్వు కారడం మామూలే.

మొదలుపెట్టేటప్పుడు యాప్ జోలికి పోకండి. 1980ల మొదట్లో అమెరికాలోని అట్లాంటాలో వృద్ధుల ఇళ్లకు భోజనం పంపే సేవకు జాన్ బార్తోల్డి, లోరెన్ ప్లాట్జ్‌మన్ బృందం కంప్యూటరు లేకుండా, చిరునామాల కార్డులు పెట్టే రెండు డబ్బాలతోనే రూట్లు కుదిర్చింది. మీకు ఒక నోటు పుస్తకం చాలు. ఒక్క పాయింటు తీసుకుని ప్రతి బండికీ నాలుగు టైములు రాయించండి: పాయింటుకు చేరినది, నిండి బయల్దేరినది, ఊరు చేరినది, ఖాళీ అయి కదిలినది. మూడు రోజులు రాస్తే ఆలస్యం ఎక్కడుందో కళ్లకు కడుతుంది. ఆ కాగితం పట్టుకుని ఎంపీడీఓనీ, గ్రామీణ నీటి సరఫరా విభాగం (ఆర్‌డబ్ల్యూఎస్) ఏఈనీ కలవండి. తప్పులు ఎత్తిచూపడానికి వచ్చారనుకుంటే వినరు. ఇవే బండ్లతో ఇన్ని ట్రిప్పులు పెరుగుతాయని చూపిస్తే వింటారు. టైముల పట్టీ ఏ నెలలోనైనా పెట్టొచ్చు గానీ సంపులూ ర్యాంపులూ డిసెంబరు, జనవరిలోనే అడగాలి. మార్చి దాటాక పనులు మంజూరు చేసే తీరిక ఎవరికీ ఉండదు. మీ పాయింటు టైములు ఇక్కడ పెడితే బండ్ల పట్టీ కలిసి వేద్దాం.