ఏ సిద్ధాంతం కరెక్ట్ అని అడిగే ముందు కార్గిల్ మీద పెట్టి చూడండి

పీజీ మొదటి ఏడాదిలో ఉన్నానని, అంతర్జాతీయ సంబంధాల పేపర్లో రియలిజం (దేశాలను నడిపేది బలం, భద్రత), లిబరలిజం (ప్రజాస్వామ్యం, సంస్థలు శాంతిని తేగలవు), కన్‌స్ట్రక్టివిజం (దేశాలు తమ గురించీ ఎదుటివాళ్ల గురించీ ఏమనుకుంటాయన్నదే ముఖ్యం) ఏది చదివితే అదే నిజమనిపిస్తోందని, పరీక్షలో ఏ పక్షాన రాయాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశారు. నేను హైదరాబాద్‌లో పొలిటికల్ సైన్స్ పీజీ చేశాను. కొన్నేళ్లుగా సివిల్స్ పిల్లలకు ఈ పేపరే చెబుతున్నాను. పక్షం సంగతి తర్వాత చూద్దాం. ముందు బాగా తెలిసిన ఒక్క యుద్ధాన్ని తీసుకుని అన్ని సిద్ధాంతాలనూ దాని మీద పెట్టి చూడండి. మా సార్ మాకు 1999 కార్గిల్ ఇచ్చారు. మా పిల్లలకు నేనూ అదే ఇస్తున్నాను.

క్లాసును జట్లుగా విడగొట్టి వాదించమన్నారు. నా వంతుకు వచ్చింది లిబరల్ జట్టు. ప్రజాస్వామ్య దేశాలు ఒకదానితో ఒకటి యుద్ధం చేసుకోవన్న వాదాన్ని నిలబెట్టాలి. తత్వవేత్త కాంట్ ఆలోచనను తీసుకుని 1983లో మైకేల్ డోయల్ గట్టిగా ముందుకు తెచ్చిన వాదం ఇది. మిగతా జట్లు మమ్మల్ని చూసి జాలిపడ్డాయి. ఎందుకు పడవు? ఫిబ్రవరిలో వాజ్‌పేయి బస్సులో లాహోర్ వెళ్లారు. ఇటు ఎన్నికైన ప్రధాని, అటు ఎన్నికైన ప్రధాని, మధ్యలో లాహోర్ ఒప్పందం. మే నెలకల్లా కొండల మీద కాల్పులు.

మేం పట్టుకున్నది ఒకే ఆధారం. పేరుకు పాకిస్తాన్ ప్రధాని నవాజ్ షరీఫే అయినా, కార్గిల్ కొండల్లోకి చొరబడే పథకం నడిపింది సైన్యాధిపతి ముషారఫ్, ఆయన చుట్టూ ఉన్న కొద్దిమంది జనరళ్లు. తనకు అసలు విషయం చెప్పలేదని షరీఫ్ అంటారు, అంతా చెప్పే చేశామని ముషారఫ్ అన్నారు. ఏది నిజమైనా, అక్టోబర్ 12న ఆ సైన్యమే షరీఫ్‌ను గద్దె దించింది. అలాంటి చోట ప్రజాస్వామ్యం ఏ పాటిదని వాదించాం. దానికి అవతలి జట్టు అమ్మాయి ఒక్క ప్రశ్న వేసింది: "రెండు ప్రజాస్వామ్యాలు కొట్టుకున్న ప్రతిసారీ అందులో ఒకటి ప్రజాస్వామ్యం కాదు పొమ్మంటే, ఇక మీ సిద్ధాంతం ఓడిపోయేదెప్పుడు?" మా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఏ సిద్ధాంతం చదివినా ముందు నేను అడిగేది ఇదే: ఏం జరిగితే నువ్వు ఓడిపోయినట్టు?

రియలిస్టులకు కార్గిల్ తేలికేమీ కాదు. 1979లో కెన్నెత్ వాల్ట్జ్ చెప్పిన స్ట్రక్చరల్ రియలిజం మీకు తెలిసిందే. దేశాల పైన ఇంకో అధికారం లేదు, ఎవరి రక్షణ వాళ్లే చూసుకోవాలి. అణ్వస్త్రాలు నెమ్మదిగా మరికొన్ని దేశాలకు పాకితే శాంతి పెరుగుతుందని కూడా 1981లో ఆయనే రాశారు. స్కాట్ సేగన్ అనే మరో పండితుడు ఒప్పుకోలేదు. బాంబును కాపలా కాసేది "దేశం" అనే తెలివైన మనిషి కాదు, సొంత అలవాట్లూ సొంత ప్రయోజనాలూ ఉన్న సైనిక వ్యవస్థలు అన్నది ఆయన పాయింటు. 1998 మేలో పోఖ్రాన్‌లో మన అణు పరీక్షలు, చాగైలో పాకిస్తాన్‌వి. ఏడాది తిరక్కుండానే కార్గిల్. ఇద్దరూ దాన్ని తమ సాక్ష్యంగానే వాడుకున్నారు. చూశారా, పెద్ద యుద్ధం కాలేదు కదా అన్నది వాల్ట్జ్ పక్షం. అసలు మొదలైంది కదా అన్నది సేగన్ పక్షం.

నా మటుకు నాకు, యుద్ధం ఎందుకు మొదలైందన్న దానికి సేగన్ జవాబే సరిపోతుంది. ఎందుకు విస్తరించలేదన్న దానికి వాల్ట్జ్ జవాబు చాలావరకు నిలుస్తుంది. చాలామంది ఆన్సర్ షీట్లలో ఇక్కడే బోల్తా పడతారు. "వాల్ట్జ్ ప్రకారం పాకిస్తాన్ అందుకే చొరబడింది" అని రాసేస్తారు. ఫలానా దేశం ఫలానా రోజు ఎందుకలా చేసిందో చెప్పడం తన సిద్ధాంతం పని కాదని వాల్ట్జే స్పష్టంగా అన్నారు. దానికి విదేశాంగ విధానం గురించిన సిద్ధాంతం వేరే కావాలి.

నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసేది మాత్రం కశ్మీర్‌లో రెండు దేశాల మధ్య ఉన్న నియంత్రణ రేఖ (ఎల్‌ఓసీ) సంగతి. ఎల్‌ఓసీ దాటొద్దని మన ప్రభుత్వం వాయుసేనకు గట్టిగా చెప్పింది. మే 27న మిగ్-21, మిగ్-27 పోయాయి, మర్నాడు ఎంఐ-17 హెలికాప్టర్ కూలింది. అయినా ఆ ఆదేశం మారలేదు. అవతలి నుంచి సరఫరా దారులు తెంచే వీలు వదులుకుని, పైనున్న శత్రువుకు ఎదురుగా కింది నుంచి కొండలెక్కారు మన జవాన్లు. మన లెక్కల ప్రకారం 527 మంది చనిపోయారు. ఇంత ఖరీదు పెట్టి ఆ గీతను ఎందుకు గౌరవించినట్టు?

అణుయుద్ధ భయం అంటాడు రియలిస్టు. ప్రపంచం మన వైపు నిలవాలి, అమెరికా పాకిస్తాన్ మీద ఒత్తిడి తేవాలి అన్న లెక్క కూడా ఉందంటాడు. జూలై 4న క్లింటన్‌ను కలిశాక షరీఫ్ వెనక్కి తగ్గడం చూస్తే ఆ లెక్క ఫలించింది. కన్‌స్ట్రక్టివిస్టు ఇంకోటి అడుగుతాడు: బాధ్యత గల అణు దేశం అనిపించుకోవాలన్న కోరిక ఎక్కడి నుంచి వచ్చింది? 1972 సిమ్లా ఒప్పందం తర్వాత కాగితం మీది గీత, దాటకూడని గీతగా ఎలా మారింది? ఉత్తర కొరియా దగ్గరున్న ఐదు బాంబులు, బ్రిటన్ దగ్గరున్న ఐదు వందల బాంబుల కంటే అమెరికాను ఎందుకు ఎక్కువ భయపెడతాయన్న కన్‌స్ట్రక్టివిస్టు అలెగ్జాండర్ వెండ్ట్ ప్రశ్న కూడా ఇలాంటిదే. ఆయుధాల లెక్క ఒక్కటే చాలదు, అవి ఎవరి చేతిలో ఉన్నాయని మనం అనుకుంటున్నామో కూడా చూడాలి.

సంస్థల మీద నమ్మకమున్న లిబరల్స్‌కు 1960 నాటి సింధు జలాల ఒప్పందం దన్ను. 1965, 1971, కార్గిల్, మూడింటినీ అది తట్టుకుంది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత భారత్ దాన్ని పక్కన పెట్టింది కాబట్టి ఇప్పుడు ఈ ఉదాహరణ రాస్తే రెండో సగం కూడా రాయండి.

కౌటిల్యుడి సంగతి. మండల సిద్ధాంతాన్ని చివరి పేరాలో అతికించడం ఈమధ్య ఫ్యాషనైపోయింది. పొరుగువాడు శత్రువు, వాడి అవతలివాడు మిత్రుడు అని రాసి వదిలేస్తే మార్కులు రావు. అర్థశాస్త్రంలో నిజంగా పనికొచ్చేది షాడ్గుణ్యం, అంటే రాజు ఎంచుకోదగ్గ ఆరు విధానాలు. సంధి (ఒప్పందం), విగ్రహం (వైరం), ఆసనం (కదలకుండా వేచి చూడటం), యానం (దండెత్తడం), సంశ్రయం (బలవంతుడి అండ చేరడం), ద్వైధీభావం (ఒకరితో సంధి, మరొకరితో వైరం). ఎంత బలమున్నప్పుడు ఏది ఎంచుకోవాలో ఆయన చెప్పారు. అంటే వాల్ట్జ్ వదిలేసిన చోటే కౌటిల్యుడు పని మొదలుపెట్టారు. ఆ పోలిక రాస్తే దిద్దేవాళ్లు ఆగి చదువుతారు.

ఇక పరీక్ష. పక్షం తీసుకోండి, తప్పులేదు. ప్రశ్న "ఎందుకు మొదలైంది" అనా, "ఎందుకు ఆగింది" అనా అన్నది మాత్రం మొదటి పేరాలోనే తేల్చండి. కార్గిల్ అయ్యాక 2019 ఫిబ్రవరి తీసుకోండి. అప్పుడు మన విమానాలు ఎల్‌ఓసీ దాటడమే కాదు, దాడి జరిగింది పాకిస్తాన్ రాష్ట్రమైన ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలోని బాలాకోట్ మీద. రెండు దేశాల దగ్గరా అప్పటికీ బాంబు ఉంది. కార్గిల్‌లో గీత దాటకపోవడానికి మీరు ఏ కారణం రాశారో, అది ఇక్కడ ఎందుకు పనిచెయ్యలేదో ఒక పేజీ రాసి చూడండి. కావాలంటే కింద పెట్టండి, చదివి చెబుతాను.