బండి సందేహాలు: మంచుకాలం టైర్లు

ప్రశ్న: ఈ వేసవిలోనే కెనడాలోని మిసిసాగా వచ్చాం. సెకండ్ హ్యాండ్ కొరోలా కొన్నాం. టైర్ల మీద ‘ఎం ప్లస్ ఎస్’ అని ఉంది. మంచులో నడవడానికి అది చాలదా? తప్పదంటే ముందు రెండింటికీ వింటర్ టైర్లు వేయిస్తాం, ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనే కదా. వాడిన టైర్లు చవగ్గా దొరుకుతున్నాయి, తీసుకోవచ్చా?

జవాబు: ఎం ప్లస్ ఎస్ అంటే మడ్ ప్లస్ స్నో, అంటే బురద, మంచు. గాడుల ఆకారాన్ని బట్టి టైరు తయారుచేసినవాళ్లే వేసుకునే అక్షరాలవి, మంచులో నడిపి చూసి ఇచ్చినవి కావు. మీరు వెతకాల్సింది టైరు పక్కభాగంలో మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచుపువ్వు ఉన్న బొమ్మ. మంచు మీద పట్టు పరీక్షలో నెగ్గితేనే అది వేస్తారు.

అసలు తేడా రబ్బరులో ఉంది. చలి 7 డిగ్రీల కిందకి దిగేకొద్దీ ఏడాదంతా వాడే ఆల్ సీజన్ టైరు రబ్బరు బిగుసుకుపోతుంది. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది. దాని గళ్లను దగ్గరగా చూడండి, ఒక్కో గడి మీద బ్లేడుతో కోసినట్టు వంకర టింకర సన్నని చీలికలు కనిపిస్తాయి. బండి బరువు పడినప్పుడు అవి విచ్చుకుని వాటి అంచులు నేలను గీరి పట్టుకుంటాయి. వెడల్పాటి గాడుల పని వేరు. వాటిలో మంచు కూరుకుపోవాలి, ఎందుకంటే మంచుకి మంచు అతుక్కున్నట్టు రబ్బరు అతుక్కోదు.

ముందు రెండే వేయించడం మాత్రం వద్దు. బండి చక్కగా కదులుతుంది, దాంతో ధైర్యం వస్తుంది. మలుపులో బ్రేకు తొక్కగానే ముందు చక్రాలు నిలదొక్కుకుంటాయి, వెనకవి జారిపోతాయి, కారు గిర్రున తిరుగుతుంది. వేస్తే నాలుగూ వేయించండి. ఆల్ వీల్ డ్రైవ్ (ఇంజన్ నాలుగు చక్రాలనూ తిప్పేది) ఉన్నవాళ్లకీ ఇదే మాట. అది బండిని కదిలించడానికి పనికొస్తుంది గానీ ఆపడానికి కాదు.

వాడిన టైర్లు కొనేముందు రెండు చూడండి. ఒకటి తేదీ. డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటినవి ఎంత నిగనిగలాడుతున్నా వదిలేయండి, రబ్బరు గట్టిపడి ఉంటుంది. రెండోది గాడి లోతు. చట్టం ఎంత అరుగుదలని ఒప్పుకున్నా, 4 మిల్లీమీటర్లకు వచ్చిన టైరు మంచుకి పనికిరాదు. 5 ఉన్నదాన్ని కొన్నా ఒక్క సీజనే.

సైజు డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. 205/55 ఆర్ 16 (205 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 55 శాతం పక్కభాగం ఎత్తు, 16 అంగుళాల రిమ్ము) ఉన్న బండికి 195/65 ఆర్ 15 వేస్తే మొత్తం ఎత్తులో తేడా 3 మిల్లీమీటర్లు కూడా ఉండదు. టైరు చవక, సన్నగా ఉంటుంది కాబట్టి మంచుని కోసుకుంటూ పోతుంది. కాకపోతే 15 అంగుళాల రిమ్ము మీ బ్రేకులకు తగలకుండా సరిపోతుందో లేదో ముందే చూపించుకోండి. వేరే ఇనప రిమ్ముల మీద ఎక్కించుకుంటే ఏటా రెండుసార్లు టైరు విప్పి తొడిగే ఖర్చు తప్పుతుంది. నట్లు టార్క్ రెంచితో (ఎంత బిగువు పడిందో కొలిచే పానాతో) బిగించాలి, కొరోలాకి 103 న్యూటన్ మీటర్లు. 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగించండి. పక్కభాగంలో బాణం గుర్తుంటే అది చక్రం ముందుకు తిరిగే వైపే ఉండాలి. హడావిడిలో ఎడమవి కుడికి వేసేసే షాపులున్నాయి.

మేకుల టైర్లు దక్షిణ ఒంటారియోలో కుదరవు, ఉత్తరాన ఉండేవాళ్లకే అనుమతి. వింటర్ టైర్లకు ఒంటారియో ఇన్సూరెన్స్ కంపెనీలు తగ్గింపు ఇచ్చి తీరాలి, అడిగి తీసుకోండి. షాపులో అక్టోబరులోనే టైం బుక్ చేసుకోండి. మొదటి మంచు పడ్డ రోజు వెళ్తే సంక్రాంతి ముందు బస్టాండులా ఉంటుంది.

ప్రశ్న: చికాగోలో ఉంటాం. కొత్త టైర్లే, పంక్చరు లేదు. అయినా చలి మొదలవగానే గాలి తక్కువని లైటు వెలుగుతోంది. ఎందుకు?

జవాబు: గాలి ఎక్కడికీ పోలేదు, చలికి కుంచించుకుంది. 20 డిగ్రీల సెల్సియస్ ఉన్న గ్యారేజీలో 35 పీఎస్‌ఐ కొట్టిన టైరు, బయట మైనస్ 20లో రాత్రంతా నిలిచాక 28 చూపిస్తుంది. తెల్లవారి బండి కదలకముందే, బయటి చలిలోనే కొలిచి స్టిక్కర్ అంకె వరకు కొట్టించండి. మంచులో పట్టు పెరుగుతుందని గాలి తగ్గించకండి. ఆ చిట్కా ఇసుకలో పనిచేస్తుంది, హైవే మీద టైరుని పాడుచేస్తుంది.

ప్రశ్న: క్లాస్ 1 లైసెన్సుతో క్యామ్‌లూప్స్ నుంచి హోప్ వైపు కోకిహల్లా హైవే మీద లారీ లోడు తోలుతున్నాను. డ్రైవ్ టైర్లు (ఇంజన్ తిప్పే చక్రాలవి) ఎలాంటివి ఉండాలి? టైర్లకు మంచు గొలుసులు కట్టేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: బ్రిటిష్ కొలంబియా కొండదారుల్లో అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు వింటర్ టైర్ల నిబంధన ఉంటుంది. అక్కడ ఎం ప్లస్ ఎస్ కూడా చెల్లుతుంది, గాడి 3.5 మిల్లీమీటర్లుంటే చాలు. అది పోలీసుని దాటడానికి సరిపోతుంది, కోకిహల్లా ఎత్తు ఎక్కడానికి కాదు. డ్రైవ్ యాక్సిళ్లకు కొండగుర్తున్న లోతైన గాడుల టైర్లు, గాడులు పక్క అంచుల దాకా తెరుచుకుని ఉన్నవి అడగండి. అంచులు మూసుకున్నవి మైలేజీ కోసం చేసినవి, వాటి గాడుల్లోంచి మంచు సరిగ్గా రాలదు. జంట టైర్లలో ఒకటి కొత్తది, ఒకటి అరిగినది పెడితే పెద్దదాని మీదే బరువంతా పడుతుంది, చిన్నది ఊరికే ఈడ్చుకుపోతుంది. ట్రెయిలర్ టైర్లు నున్నగా ఉన్నా పర్లేదనుకోకండి. బ్రేకు పడగానే పక్కకి విసిరేది ట్రెయిలరే.

11,794 కిలోలు దాటిన లారీలో గొలుసులు తప్పనిసరి. ఏ చక్రాలకు కట్టాలన్నది యాక్సిళ్లను బట్టి ప్రావిన్స్ పట్టికలో ఉంటుంది. కట్టేటప్పుడు కొక్కేల తెరిచిన వైపు బయటికి ఉండాలి, లోపలికి తిరిగితే టైరు పక్కను కోసేస్తాయి. వదులుగా ఉన్న గొలుసు మడ్‌ఫ్లాపుని, బ్రేకుల గాలి గొట్టాలని కొట్టి తెంపుతుంది. అందుకని కట్టాక కాస్త దూరం నడిపి, ఆపి, మళ్లీ బిగించండి. 50 కిలోమీటర్ల వేగం దాటొద్దు. తారు కనిపించగానే విప్పేయాలి, లేదంటే అడ్డ గొలుసులు పుటుక్కున తెగుతాయి.

జారుడు దిగుడులో, అందులోనూ ఖాళీ బండితో, ఇంజన్ బ్రేకు ఆఫ్ చేసేయండి. అది పట్టేది డ్రైవ్ చక్రాలనే. అవి జారితే ట్రెయిలర్ వెనకనుంచి తోసి బండిని మడిచేస్తుంది.

ప్రశ్న: జర్మనీలో చదువుతూ పాత గోల్ఫ్ కారు నడుపుతున్నాను. నా ఆల్ సీజన్ టైర్లకి ఎం ప్లస్ ఎస్ ఉంది, కొండగుర్తు లేదు. ఫైన్ పడుతుందా?

జవాబు: రోడ్డు మీద మంచో, గడ్డకట్టిన నీళ్లో, బురదమంచో ఉన్నప్పుడు పట్టుబడితే పడుతుంది, 60 యూరోలు, లైసెన్సు మీద ఒక పాయింటు. 2024 సెప్టెంబరు 30 దాకా పాత ఎం ప్లస్ ఎస్ టైర్లకు వెసులుబాటు ఉండేది, ఇప్పుడు లేదు. అక్కడివాళ్లు ‘ఓ నుంచి ఓ దాకా’ అంటారు. వాళ్ల భాషలో అక్టోబరు, ఈస్టర్ రెండూ ఓ అక్షరంతోనే మొదలవుతాయి. మీరూ ఆ లెక్కనే మార్చుకోండి.