రాయి పడలేదు

చిట్టీ,

సర్వే ఉద్యోగం వచ్చిందటగా! మీ అమ్మ ఫోన్లో చెప్పగానే "మన ఇంట్లో ఇంకో సర్వేయరు!" అని అరిచాను. మీ పెద్దమ్మ ఉలిక్కిపడింది. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. ముప్ఫై ఏళ్లు ఎండలో తిరిగినవాణ్ని కదా.

ఎండ సంగతి నీకు తెలిసిందే. అంచు వెడల్పున్న టోపీ, పొడుగు చేతుల చొక్కా, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్. రెండు గంటలకోసారి మళ్లీ రాసుకో, చెవులూ మెడ వెనకా మర్చిపోకు. మబ్బు పట్టిందని మానెయ్యకు. పది నుంచి నాలుగు దాకా నీడపట్టున ఉండమంటారు. సర్వేయరుకి అది కుదరదని తెలుసు, అయినా చెప్పాలిగా.

అసలు నేను రాయాలనుకున్నది వేరు. నీకు ఆరేళ్లప్పుడు నా కుడికాలికి నాలుగే వేళ్లున్నాయేమని అడిగావు. సర్వే రాయి పడిందన్నాను. రాయీ పడలేదు, రప్పా పడలేదు.

ఒక సాయంత్రం బూట్లు విప్పుతుంటే బొటనవేలి గోట్లో నల్లటి గీత కనపడింది. మొదలు నుంచి కొస దాకా పెన్సిల్‌తో గీసినట్టుంది. నొప్పి లేదు, దురద లేదు. బూటు నొక్కి రక్తం గడ్డకట్టిందనుకున్నాను. మీ పెద్దమ్మ చూపించుకోమంటే "గోటికి డాక్టరేంటి?" అని కసిరాను. దెబ్బకి కమిలిన నలుపైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది, చివరికి గోళ్లు తీసుకునేటప్పుడు పోతుంది. నాది కదల్లేదు. ఏడాది తిరిగేసరికి గోటి మొదట్లో వెడల్పైంది, పక్క చర్మంలోకీ నలుపు పాకింది. అప్పుడైనా వెళ్లానా? లేదు. గోరు చీలి, నెత్తురుకి సాక్సు అంటుకుపోతే వెళ్లాను. బయాప్సీలో మెలనోమా అన్నారు, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్. వేలు తీసేశారు.

అది చర్మంలోకి ఎంత లోతు దిగిందన్నదే ముఖ్యమట, మిల్లీమీటర్లలో కొలుస్తారట. పలచగా ఉండగానే కోసేస్తే చాలామందికి అంతటితో సరిపోతుందని డాక్టరు చెబుతుంటే సిగ్గేసింది. మిల్లీమీటర్ల విలువ ఇంకొకరితో చెప్పించుకోవాలా నేను! ఆయనే బాబ్ మార్లీ సంగతి చెప్పాడు. ఆ పాటగాడికీ కాలి బొటనవేలి గోటి కిందే మొదలైంది. ముందు ఫుట్‌బాల్ దెబ్బే అనుకున్నారు. 1981లో, 36 ఏళ్లకే పోయాడు.

మన రంగు వాళ్లకి ఇవి రావని నా ధీమా. తెల్లవాళ్లతో పోలిస్తే చాలా తక్కువన్నది నిజమే. కానీ వచ్చిన మెలనోమా ఎక్కువగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద వస్తుంది. అక్కడ సన్‌స్క్రీన్ పనిచెయ్యదు, చూసుకోవడమే.

నెలకోసారి స్నానమయ్యాక వెలుతుర్లో కూర్చుని చూసుకో. గోళ్ల రంగు తీసేసి మరీ చూడు. వేళ్ల సందులూ అరికాళ్లూ వదలొద్దు. వీపు అమ్మని చూడమను. అనుమానమున్న మచ్చ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసుకో. రెండు సగాలూ ఒకలా లేకపోయినా, అంచు వంకరటింకరగా ఉన్నా, రెండు మూడు రంగులు కలిసినా, 6 మిల్లీమీటర్లు దాటినా చర్మం డాక్టరుకి చూపించు. కిందటి నెలకీ ఈ నెలకీ మారిందంటే అసలు ఆగకు. వారాలు గడిచినా మానని పుండైనా అంతే.

ఊరికే టెన్షన్ పడి నిద్ర పాడుచేసుకోకు తల్లీ. మనలాంటి వాళ్ల గోళ్లలో గీతలు మామూలే, చాలావరకు ఏమీ కావు. ఒక్క వేలికే కొత్తగా వచ్చి వెడల్పవుతుంటే మాత్రం నాలాగా సాకులు చెప్పావంటే ఊరుకోను.

మొదటి జీతంతో నాకు చెప్పులు కొంటానన్నావట. బొటనవేలు దూర్చేవి వద్దు, కుడికాలికి నిలవవు. వెనక పట్టీ ఉన్నవి తీసుకో.

మీ పెద్దనాన్న