మంటకంటే ముందు గాలిని చూడు

అల్లుడా,

అమ్రాబాద్ అడవిలో ఈ ఎండాకాలానికి ఫైర్ వాచర్‌గా కుదిరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. పని ఎట్లా చేయాలో మీ బీట్ ఆఫీసర్ చూపిస్తాడు. నేను వడగాలి సంగతే రాస్తున్నా.

మన నల్లమలలో ఫిబ్రవరికే ఆకు రాలుతుంది. గడ్డి నిలువునా ఎండుతుంది. ఏప్రిల్, మే వచ్చేసరికి వాయవ్యం నుంచి వీచే గాలి కాగిన నేల మీదుగా వందల కిలోమీటర్లు సాగి వస్తుంది కాబట్టి అందులో తడి ఉండదు. ఆకులో మిగిలిన కాస్త తేమను కూడా లాగేస్తుంది. పొద్దున ఎంత ఊదినా రాజుకోని టేకాకు మధ్యాహ్నం బీడీ ముక్కకే అంటుకుంటుంది. పదకొండు దాటితే నేల బాగా వేడెక్కి పైగాలి కిందికి దిగుతుంది, గాలి విసురుగా మారుతుంది. అందుకే ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా ఆకు, గడ్డి తీసేసిన బాటలు, ఊడ్చే పని తెల్లారుజామునే ముగించుకో. లైన్లలో గడ్డి కాల్చడం ఎండలు ముదరకముందే అయిపోవాలి. వడగాలి మొదలయ్యాక అగ్గిపెట్టె ముట్టొద్దు, ఎవరు తొందరపెట్టినా సరే.

మంట కనబడగానే ఉరకకు. పిడికెడు దుమ్ము వదిలి గాలి ఎటు పోతుందో చూడు. మంట మూతికి, అంటే గాలి తోసే ముందు అంచుకు, ఎదురుపోవద్దు. కాలిపోయిన వైపు నుంచి, పక్కల పొంటి పచ్చి కొమ్మలతో కొట్టుకుంటూ ముందుకు జరగాలి. కాలిన నేల నీ వెనక ఉంటే తప్పించుకోవడానికి చోటున్నట్టే. గుట్ట మీద మంటకు ఎగువన అస్సలు నిలబడకు. అది తన పైనున్న గడ్డిని ముందే కాచి ఎక్కుతుంది, నువ్వు పరుగెత్తినా దాన్ని దాటలేవు. ఇరుకు వాగుల్లోకి దిగొద్దు. ఎదురు నిప్పు, అంటే వచ్చే మంటకు ముందున్న గడ్డిని మనమే కాల్చేయడం, అనుభవం ఉన్న పెద్దల పని, ఆఫీసర్ చెప్పకుండా నువ్వు పెట్టకు.

అన్నిటికంటే భయపడాల్సింది సాయంత్రం మబ్బుకు. ఉక్కపోసి, ఆకాశం నల్లబడి, ఉరుము వినబడితే అందరూ వాన వస్తుందని సంబరపడతారు. వానకంటే ముందు గాలిదుమారం వస్తుంది. అప్పటిదాకా తూర్పుకు పోతున్న మంట ఒక్క నిమిషంలో దిక్కు మార్చుకుంటుంది. నువ్వు కొడుతున్న పక్క భాగమే మూతి అవుతుంది. పొడవుగా ఉన్న పక్క మొత్తం ఒకేసారి ముందుకు కదులుతుంది. మబ్బు పట్టిందంటే పని అట్లాగే వదిలి, అందరినీ పిలుచుకుని కాలిన నేల మీదికి రా. ఆ రోజు నాలుగు ఎకరాలు ఎక్కువ కాలితే కాలనీ.

నిప్పు ఎక్కడ పుడుతుందో కూడా తెలిసుండాలి. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద చెత్త కాలుస్తారు. తునికి పొదలు బాగా చిగురించాలని కాలుస్తారు. పశువులకు కొత్త గడ్డి రావాలని కాలుస్తారు. వీళ్లను కేసులతో బెదిరిస్తే నిన్ను చూసి దాక్కుంటారు, అంతే. కాల్చే పని లేకుండా ఇప్పచెట్టు కింద నువ్వూ ఒక చీపురు పట్టి ఊడువు. చెంచు పెద్దలతో కలిసిమెలిసి ఉండు, ఏ మడుగులో ఇంకా నీళ్లున్నాయో వాళ్లకే ఎరుక. చైత్ర పౌర్ణమికి అడవి లోపలున్న సలేశ్వరంలో శివుడి జాతర వస్తుంది. సరిగ్గా అడవి బాగా ఎండిన రోజుల్లోనే జనం నడుస్తారు. వాళ్లు వండుకున్న పొయ్యి మీద నీళ్లు చల్లి, బూడిద కలిపి, మళ్లీ చల్లు. శ్రీశైలం రోడ్డు పక్కన కూడా అంతే.

ఫారెస్ట్ సర్వే వాళ్లు ఉపగ్రహంతో మంటలు కనిపెట్టి ఫోన్‌కు మెసేజ్ పంపుతారు. మంచిదే. కానీ ఉపగ్రహం రోజంతా మన నెత్తిమీదే ఉండదు, అది చూపే చుక్క కూడా 375 మీటర్ల పొడవు వెడల్పున్న గడి, మంట అందులో ఎక్కడుందో చెప్పదు. గుట్ట మీద కూర్చున్న మనిషి పొగను అంతకంటే ముందే చూస్తాడు.

ఒంటి సంగతి. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకోమని మీ అమ్మమ్మ చెప్తుంది, పెట్టుకో, నష్టం లేదు. దాంతో పాటు నీళ్ల డబ్బా, ఓఆర్ఎస్ ప్యాకెట్లు కూడా పెట్టుకో. పక్కవాడు పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా వడదెబ్బే అనుకో. నీడకు చేర్చి ఒళ్లంతా తడుపు, 108కి ఫోన్ చెయ్. సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో మొదటి వారంలోనే తెలుసుకుని ఉంచుకో.

పాలిస్టర్ బట్టలు వద్దు, సెగకు కరిగి ఒంటికి అతుక్కుంటాయి. నూలు చొక్కా, నిండు చేతులు. చెప్పులతో అడవిలోకి పోకు. తోలు బూట్లకు పైసలు తక్కువైతే మీ అమ్మను అడగకు, నాకు చెప్పు, పంపిస్తా.

మీ మామ
అచ్చంపేట