గెట్టు కొట్లాట కేసులో ముందు చూసుకోవాల్సినవి

అల్లుడా,

అక్క ఫోన్‌లో అంతా చెప్పింది. పొలం గెట్టు దగ్గర బావను కట్టెతో కొట్టారట, ముంజేయి ఉబ్బిందట, నాటు కట్టు కట్టించమని ఊళ్లో అంటున్నారట. ఆ మాట వినకు. వెంటనే దేవరకొండ ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయి ఎమ్మెల్సీ (కొట్లాట దెబ్బలని డాక్టర్ కేసుగా నమోదు చేసే కాగితం) రాయించు, ఎక్స్‌రే తీయించు.

దెబ్బ ఎట్లా తగిలిందని డాక్టర్ అడుగుతాడు. ఎవరు, దేనితో, ఎప్పుడు కొట్టారో బావనే చెప్పాలి. భయపడి బండి మీంచి పడ్డానన్నాడా, ఆ మాటే కాగితమెక్కుతుంది. కొట్టింది ఇద్దరైతే ఇద్దరి పేర్లే చెప్పండి. ఇంట్లో పడుకున్నవాళ్లను కూడా కేసులో ఇరికించడం మనవాళ్లకు బాగా అలవాటు. అట్లా చేస్తే నిజంగా తగిలిన దెబ్బను కూడా కోర్టు అనుమానిస్తుంది.

2024 జులై 1 నుంచి పాత ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా. అందులో 116వ సెక్షన్ చెప్పిన ఎనిమిది రకాల్లో ఏదో ఒకటైతేనే తీవ్ర గాయం. ఎముక విరగడం, పన్ను విరగడం అందులోవే. ఎముక రెండు ముక్కలు కానక్కర్లేదు, పగులున్నా చాలు. మామూలు గాయానికి ఏడాది దాకా శిక్ష, తీవ్ర గాయానికి ఏడేళ్ల దాకా. తేడా అంతా ఆ ఎక్స్‌రే ఫిల్మ్‌లోనే ఉంది. దాని మీద పేరు, తేదీ, కుడా ఎడమా అన్నది అక్కడే నిలబడి చూడు. తప్పుంటే అప్పుడే దిద్దించు. ఫిల్మ్ కోర్టుకు రాక, దాన్ని చూసిన డాక్టర్ సాక్ష్యం లేక, కేసులు మామూలు గాయం కిందికి దిగిపోవడం నేను వకీలు దగ్గర గుమాస్తాగా ఉన్నప్పుడు చూశాను.

పగులు లేదని తేలితే ఆ ఎనిమిదింటిలో చివరిదైన 15 రోజుల సంగతి వస్తుంది. పాత చట్టంలో 20 ఉండేది. అన్ని రోజులు ఆసుపత్రిలో పడుకుంటే కేసు గట్టిపడుతుందనేది ఉత్త మాట. 15 రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడ్డాడా, లేదా రోజూ చేసుకునే పని చేసుకోలేకపోయాడా అన్నదే చూస్తారు. బర్రె పాలు ఇప్పుడెవరు పిండుతున్నారు? పక్కింటివాళ్లయితే, బావ పని చేసుకోలేకపోయాడనడానికి సాక్షులుగా వాళ్ల పేరు పోలీసులకు చెప్పు. ఓపీ చీటీలు, మందుల బిల్లులు ఒక్కటీ పారేయకు. కమిలిన చోట రంగు మారుతుంటుంది, రోజూ ఒక ఫొటో తియ్యి.

నెత్తురంటిన అంగీని అక్క ఉతకకుండా చూడు. ఆరబెట్టి కాగితంలో చుట్టి పోలీసులకిస్తే పంచనామా రాసి తీసుకుంటారు. రాజీకి పెద్దమనుషులు వస్తే మాట్లాడండి, తప్పులేదు. కానీ వూండ్ సర్టిఫికెట్ (గాయం ఎలాంటిదో డాక్టర్ రాసిచ్చే పత్రం) పోలీసులకు చేరేదాకా దేని మీదా సంతకం పెట్టొద్దు.

మీ మామ